ఆకాశంలో మెరుపు నా కళ్ళకి కనపడింది, నా ఫోన్‌కి కనపడలేదు. ఎందుకు?

మొన్న సంక్రాంతికి అనంతపురం జిల్లాలోని మా ఊరెళ్ళా. రాత్రి తొమ్మిది కావస్తోంది, మిద్దె మీద నేనూ మా తాతా. పడమర దిక్కున బాగా కిందుగా ఒక చుక్క మెల్లగా వెలిగి, చుట్టూ ఉన్న నక్షత్రాలన్నిటినీ మించిపోయి, కొన్ని సెకన్లలో ఆరిపోయింది. నిమిషం గడిచిందో లేదో దాదాపు అదే చోట ఇంకొకటి! వెంటనే ఫోన్‌ని ట్రైపాడ్‌కి తగిలించి నైట్ మోడ్‌లో వరసగా ఫొటోలు తీసా. మా కళ్ళముందే ఇంకో రెండు మెరిశాయి.

ఫొటోలు తెరిచి చూస్తే నక్షత్రాలు సూపర్‌గా వచ్చాయి. మెరుపులు మాత్రం లేవు. తాత స్క్రీన్ చూసి, "నీ ఫోన్ కంటే నా కళ్ళే మేలు కదరా" అన్నాడు.

అసలు అవేంటి?

శాటిలైట్‌కి సొంత లైట్ ఉండదు. దాని మీది నున్నటి భాగానికి సూర్యకాంతి తగిలి, సరిగ్గా మన వైపు తిరిగితే అద్దం తళుక్కుమన్నట్టు మెరుస్తుంది. ఈ మెరుపునే ఫ్లేర్ అంటారు. మేము చూసిన చోటు, టైమ్ బట్టి అవి స్టార్‌లింక్ శాటిలైట్లే. సూర్యుడు అస్తమించిన రెండు మూడు గంటలకి మన నెత్తి మీదున్నవి భూమి నీడలోకి వెళ్ళిపోతాయి. పడమర దూరంగా, వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్నవాటికి మాత్రం ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటి అదే చోట మెరుస్తాయి.

విమానమైతే ఎరుపు, ఆకుపచ్చ లైట్లతో మిణుకుమిణుకుమంటుంది. ఉల్క సాధారణంగా సెకను లోపే మాయమవుతుంది. మెల్లగా వెలిగి మెల్లగా ఆరితే శాటిలైట్ అయ్యే ఛాన్స్ ఎక్కువ.

ఒకప్పటి హీరో: ఇరిడియం

ఫ్లేర్లంటే అసలు క్రేజ్ తెచ్చింది శాటిలైట్ ఫోన్ల కోసం 1997 నుంచి పంపిన ఇరిడియం శాటిలైట్లు. ఒక్కోదానికి తలుపంత సైజున్న, అద్దంలా మెరిసే యాంటెన్నాలు మూడుండేవి. వాటి వెలుగు మాగ్నిట్యూడ్ మైనస్ 8 దాకా వెళ్ళేది. ఈ లెక్కలో అంకె ఎంత తగ్గితే అంత ఎక్కువ వెలుగు. శుక్రుడు బాగా మెరిసినప్పుడే మైనస్ 4.5 దాకా ఉంటాడు, ఇక మీరే ఊహించుకోండి. పైగా హెవెన్స్ అబవ్ సైట్‌లో మన లొకేషన్ ఇస్తే ఏ సెకనుకి, ఏ దిక్కున వస్తుందో చెప్పేసేది.

ఇంటర్ చదివేటప్పుడు ఇదే మిద్దె మీద, వాచీ చూస్తూ కౌంట్‌డౌన్ చెప్పి మరీ తాతకి ఒకటి చూపించా. ఆకాశం భగ్గుమంది. తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కరెంటు ఎప్పుడొస్తాదో కూడా చెప్తాదా అది?" అనడిగాడు.

2017 నుంచి 2019 జనవరి మధ్య కొత్త తరం ఇరిడియం శాటిలైట్లు వెళ్ళాయి. వాటికి ఆ యాంటెన్నాలు లేవు. పాతవాటిలో చాలావరకు కిందికి దింపేసి వాతావరణంలో కాల్చేశారు. ఆ షో అయిపోయింది. ఆ రోజు చేతిలో ఫోన్ ఉండి కూడా నేను ఒక్క ఫొటో తీయలేదు.

మరి ఫోన్ ఏం చేసింది?

నైట్ మోడ్ ఒక్క ఫొటో తీయదు. వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. అన్ని ఫ్రేముల్లో ఉన్నది నిజం, ఒకటి రెండిట్లోనే కదిలింది నాయిస్ అనుకుని చాలా ఫోన్లు తీసేస్తాయి. చేతి వణుకుని సరిచేసే ఈ తెలివే మన మెరుపుని మింగేసింది అన్నమాట.

మర్నాడు రాత్రి ఇలా మార్చా:

• ప్రో మోడ్, ఐఎస్ఓ 800, షటర్ 10 సెకన్లు
• ఫోకస్ మాన్యువల్‌లో ఇన్ఫినిటీకి
• ఫైల్ రా ఫార్మాట్‌లో
• ట్రైపాడ్, 3 సెకన్ల టైమర్
• మెరిసిన టైమ్ సెకన్లతో సహా నోట్ చేసుకోవడం (ఏ శాటిలైటో తర్వాత స్టెల్లేరియంలో వెతకడానికి)

ఈసారి దొరికింది. మధ్యలో లావుగా, రెండు చివర్లా సన్నగా ఉన్న చిన్న గీత. మొదటిసారికి స్పేస్ స్టేషన్ ట్రై చేయండి. దాని టైమింగ్స్ ముందే తెలుస్తాయి, సిటీలో కూడా కనిపిస్తుంది.

సంబరమేనా?

పూర్తిగా కాదు. మనకి ఒక గీత వస్తే ఆనందం. పెద్ద టెలిస్కోపులతో పనిచేసేవాళ్ళకి అదే గీత డేటాని పాడుచేస్తుంది. స్టార్‌లింక్‌లు ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. వెలుగు తగ్గించడానికి స్పేస్‌ఎక్స్ నల్లపూత, నీడపట్టే విజర్ లాంటివి ప్రయత్నించింది, కానీ మెరుపులు ఆగలేదు. టవర్ లేకుండా నేరుగా మామూలు ఫోన్‌కే సిగ్నల్ ఇచ్చే బ్లూబర్డ్ శాటిలైట్ 2025 డిసెంబర్ 24న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది. దాని యాంటెన్నా సుమారు 223 చదరపు మీటర్లు. అంటే, సిగ్నల్ లేని ఊళ్ళో కూడా కాల్ కలవాలన్న మన కోరికకి ఆకాశం కూడా కొంత మూల్యం చెల్లిస్తోంది. తర్వాతి ఫోన్ కొనేటప్పుడు స్పెక్స్‌లో శాటిలైట్ కనెక్టివిటీ చూసి మురిసిపోయే ముందు ఇదీ గుర్తుంచుకుందాం.

ఆ గీత తాతకి చూపించా. ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాడు. "బాగుంది గానీ, అప్పుడు చూపిస్తివే, ఆ పెద్దది మళ్ళీ రాదా?" అన్నాడు.

"రాదు తాతా."

అందుకే చెప్తున్నా, నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇప్పుడు కనిపించే మెరుపులు కూడా ఎప్పటికీ ఇలాగే ఉండవు. ఈ రాత్రి మబ్బు లేకపోతే మిద్దెక్కండి, నైట్ మోడ్ ఆపేయండి. ఇంట్లో ఒకరిని పక్కన నిలబెట్టుకోండి.