పురుగుల చిట్టా

కథ పూర్తయిన సాయంత్రమే మాయమైంది. పదకొండు పేజీల కథ. పిల్లలు బడికెళ్లి, మా వారు కొట్టుకెళ్లి, వంటిల్లు సర్దుకున్నాక దొరికే ఆ గంటన్నరలో రెండు నెలలపాటు ఫోన్‌లో కొట్టుకుంటూ వచ్చాను. మర్నాడే పోటీకి ఆఖరు తేదీ. చివరిసారి చదువుకుంటూ ఒక మాటలో అక్షరం చెరిపానో లేదో, యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే తెల్లకాగితం!

ఏడుపొక్కటే తక్కువ. యాప్ వాళ్లకు రాస్తే 'మీ ఫిర్యాదు అందింది' అంటూ ఒక నంబరు వచ్చింది. అంతే. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురికి ఫోన్ చేసి గోలపెట్టాను.

"సరిగ్గా ఏం చేశావు పిన్నీ?" అంది.

"నేనేం చేయలేదే. రాస్తుంటే పోయింది."

"నువ్వేం చేయలేదంటే ఎవరూ ఏం చేయలేరు. ఏ మాట రాశావు, వేలు ఎక్కడ పెట్టావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది... ఒక్కొక్కటీ చెప్పు."

గుర్తు తెచ్చుకున్నాను. 'హాస్టల్‌లో' అన్న మాట అది. దాన్ని 'ఇంట్లో' అని మారుద్దామని వెనక నుంచి చెరుపుకొస్తున్నాను. ఈ మాట వినగానే పిల్ల కాసేపు వెతికి నాకొక జాబితా చూపించింది. మన దేశ భాషల్లో టైపు చేసుకునే యాప్‌లు తయారుచేసే ప్రోగ్రామర్లు కొందరు కలిసి నడుపుకుంటున్నదట. నిజం చెప్పొద్దూ, చూసి ఒళ్లు మండింది. ఎనిమిది నెలల కిందటే ఎవరో కన్నడాయన ఇదే తప్పును పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు! దాని కింద ఇంకొకరు 'చెరిపే ముందు కాపీ తీసిపెట్టుకోండి' అని ఉపాయం కూడా రాశారు. నాకు తెలిస్తేగా?

ప్రోగ్రాములో తప్పును వాళ్లు 'బగ్' అంటారు. అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ టూ అనే కంప్యూటర్‌లో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ పుస్తకం స్మిత్‌సోనియన్ మ్యూజియం దాచిపెట్టింది. మాట మాత్రం అంతకంటే పాతదే లెండి. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో వాడాడు.

పురుగంటే నాకు గుర్తొచ్చేది మా నాన్న పత్తిచేను. పర్చూరు దగ్గర మా ఊరు. 1997లో శనగపచ్చ పురుగు కాయల్లోకి దూరి తినేస్తుంటే ఏం కొట్టినా చావలేదు. కొట్టీ కొట్టీ మందులకు అది అలవాటు పడిపోయింది. నాన్న మూడుసార్లు కొట్టిన మందునే పక్కచేను బాబాయి పదిహేను రోజుల ముందు కొట్టి, పనిచేయదని తెలుసుకున్నాడు. చెప్పలేదు. చెబితే తన చేను పోయిందని ఊరందరికీ తెలుస్తుంది, అప్పులవాళ్లు గుమ్మంలోకి వస్తారు. మందుల కొట్టాయనకు అందరి సంగతీ తెలుసు. ఆయనా చెప్పలేదు. ఆ ఏడు మాకు రెండెకరాలు పోయాయి. బాబాయికి మూడు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటిదే జరిగేదని మా అక్క కూతురు చెబితే ఆశ్చర్యపోయాను. ప్రోగ్రామర్లు ఆపిల్ కంపెనీకి రాసి పంపే తప్పులన్నీ 'రాడార్' అనే చిట్టాలోకి చేరేవి. పంపినవాళ్లకు తమ పద్దు తప్ప పక్కవాళ్లది కనబడదు. ఒకే పురుగు కోసం ఎంతమంది ఎన్ని రాత్రులు విడివిడిగా కూర్చున్నారో! అప్పుడు టిమ్ బర్క్స్ అనే ప్రోగ్రామర్ 2008లో 'ఓపెన్ రాడార్' అని మొదలుపెట్టాడు. ఏం లేదు, కంపెనీకి పంపినదానికి నకలు తీసి, అదే నంబరుతో అందరికీ కనబడేలా ఇక్కడ కూడా పెట్టడం. కంపెనీకి దీంతో సంబంధం లేదు. రాసేవాళ్లదే చిట్టా. తమ తప్పుల చిట్టాను తామే వీధిలో పెట్టినవాళ్లూ ఉన్నారు. మొజిల్లా వాళ్లు 1998లోనే 'బగ్‌జిల్లా' పెట్టి, ఎవరైనా రాయొచ్చన్నారు.

ఆ ఓపెన్ రాడార్‌లోకి మన తెలుగూ ఎక్కింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం వస్తే చాలు, ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలిపోయేది. ఆకతాయిలు పనిగట్టుకుని పంపేవాళ్లు కూడా. మామూలుగా మనం కొట్టే 'జ్ఞానం'తో ఏ ఇబ్బందీ లేదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య, కంటికి కనబడని గుర్తొకటి చేరితేనే ఈ తంటా. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే గుర్తు అది. 'హాస్టల్‌లో' అని రాసినప్పుడు 'ల్లో' అయిపోకుండా చూసేదీ అదే! పత్రికలన్నీ 'తెలుగు అక్షరం' అని రాసుకున్నాయి గానీ, మొజిల్లాలో పనిచేసే ఒక ప్రోగ్రామర్ వెతికి చూస్తే బెంగాలీ, దేవనాగరి అక్షరాలతోనూ అంతేనని తేలింది. తప్పు మన అక్షరానిది కాదన్నమాట. ఫిబ్రవరి 19న ఆపిల్ సరిచేసి పంపింది.

ఇదంతా విన్నాక నేనూ ఒక పద్దు రాశాను. బీకాం చదివి, నాలుగు కథలు అచ్చయిన మనిషిని కదా, మొదటిసారి పెద్ద వ్యాసమే రాసేశాను. నా బాధ, పోటీ, రెండు నెలల శ్రమ... పిల్ల అంతా కొట్టేసింది. "బాధ వద్దు పిన్నీ, మెట్లు కావాలి" అంది. చివరికి ఆరు వాక్యాలు మిగిలాయి. ఫోన్ మోడలు, యాప్ ఎన్నో వెర్షనో, 'హాస్టల్‌లో' అని కొట్టడం, చివర నుంచి రెండక్షరాలు చెరపడం, యాప్ మూసుకుపోవడం, పేజీ ఖాళీ అవడం. మా వారి ఫోన్‌లో కూడా చేసి చూసి, అక్కడా అంతేనని రాశాను. మూడోరోజు ఆ కన్నడాయన పలకరించాడు. తెలుగులో కూడా వస్తోందని ఇప్పుడే తెలిసిందట, రెండు పద్దులూ కలిపేశాడు.

కథ మళ్లీ రాశాను. పోటీ మాత్రం దాటిపోయింది. పురుగు ఇంకా చావలేదు.

మొన్న చూస్తే మా పద్దు కింద ఒంగోలు నుంచి ఎవరో టీచరమ్మ రాశారు. 'నాకూ ఇంతే, కష్టపడి తయారుచేసిన పరీక్ష పేపరు పోయింది' అని. ఏ మాట చెరుపుతుంటే పోయిందో రాయలేదు. ఫోన్ మోడలూ రాయలేదు. అడిగాను.