తాతయ్య మాట తడబడితే: షుగర్ డౌనా, స్ట్రోకా?



పదో తరగతి బయాలజీలో ‘కంట్రోల్ అండ్ కోఆర్డినేషన్’ అనే చాప్టర్ ఉంది. నరాలూ, హార్మోన్లూ రెండూ అందులోనే వస్తాయి. రెండింటినీ ఒకే పాఠంలో ఎందుకు పెట్టారని పిల్లలు అడిగితే నేను చెప్పే ఉదాహరణ మన ఇళ్లలోదే. షుగర్ మందులు వాడే తాతయ్యో, నానమ్మో చాలామంది ఇళ్లలో ఉంటారు. మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లలు ఉండేది వాళ్ల దగ్గరే. అందుకే ఈ సంగతి మీకూ రాస్తున్నాను.

మెదడు ముఖ్యంగా గ్లూకోజ్‌తోనే పనిచేస్తుంది. దాన్ని దాచిపెట్టుకునే వీలు మెదడుకు దాదాపు లేదు. రక్తంలో షుగర్ బాగా పడిపోతే మాట ముద్దగా వస్తుంది, మనిషి తికమకపడతారు, ఒక్కోసారి ఒకవైపు చెయ్యీ కాలూ కూడా పట్టు తప్పుతాయి. చూడటానికి అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. అందుకే స్ట్రోక్ అనుమానంతో ఎమర్జెన్సీకి తెచ్చినవాళ్లకు నర్సు ముందుగానే వేలు గుచ్చి షుగర్ చూస్తారు. చెమటలు, వణుకు ఉంటేనే షుగర్ డౌన్ అని మనం అనుకుంటాం. పెద్ద వయసులో అవి కనిపించకపోవచ్చు. ఊరికే చిరాకుపడటం, పొంతన లేని మాటలు మాత్రమే ఉండవచ్చు. ఉపవాసం రోజున కూడా అలవాటుగా షుగర్ మాత్ర వేసుకునే పెద్దవాళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి.

ఇంట్లో అలా జరిగితే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువ ఉండి, మనిషి స్పృహలో ఉండి, మింగగలుగుతుంటే మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. లడ్డూ, చాక్లెట్ వద్దు. వాటిలోని కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా పెరుగుతుంది. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. సరిపోయాక భోజనం పెట్టండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు కొన్ని గంటల తర్వాత షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి తేరుకున్నారు కదా అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఎవరు పడిపోయినా ముందు మంచినీళ్లు పట్టడం మన అలవాటు. స్ట్రోక్ వచ్చినప్పుడు మింగే కండరాలు కూడా దెబ్బతినవచ్చు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఆసుపత్రిలో కూడా సరిగ్గా మింగగలరా లేదా అని పరీక్షించాకే స్ట్రోక్ పేషెంట్‌కు నీళ్లు ఇస్తారు.

షుగర్ మామూలుగా ఉన్నా మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తేడాగా ఉన్నా దాన్ని స్ట్రోక్‌గానే భావించి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ మాత్ర, ఆస్పిరిన్ మీ అంతట మీరు వేయవద్దు. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పసరు మందు కోసం ఊళ్లు తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్నవాళ్లు కూడా! ఆ తిరుగుడులోనే ఈ సమయం అయిపోతుంది.

ఆసుపత్రిలో నర్సు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: “చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు?” మనం పడిపోయి ఉండగా చూసిన టైమ్ చెబుతాం. వాళ్లకు కావలసింది అది కాదు. “నేను నాలుగున్నరకి వచ్చినప్పుడు తాతయ్య బాగానే మాట్లాడాడు” అని మీ పాపో బాబో చెప్పగలిగితే ఇంజెక్షన్ ఇవ్వవచ్చో లేదో నిర్ణయించడానికి డాక్టరుకు ఆధారం దొరుకుతుంది. కాబట్టి పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లకపోయినా ఆ మాట మాత్రం అడిగి తెలుసుకోండి.

ఈ ఆదివారం గ్లూకోమీటర్ ఒకసారి బయటకు తీసి బ్యాటరీ పనిచేస్తోందా, స్ట్రిప్స్ ఎక్స్‌పైరీ అయిపోయాయా చూడండి. పెద్దవాళ్లు వాడే మందుల పేర్లు, 108, మీ ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. రాసే పని పిల్లలకే ఇవ్వండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది.