మీకు తెలుసా? మలుపులో ఆటో ఎందుకు ఒరుగుతుంది?

ఆటో మూడు చక్రాలనూ కలుపుతూ గీత గీస్తే త్రిభుజం వస్తుంది. దాని ఇరుకు కొన ముందు చక్రం దగ్గర ఉంటుంది. మలుపులో బరువు తూగు ఆ త్రిభుజం అంచు దాటితే మలుపుకు లోపలివైపు ఉన్న వెనక చక్రం నేల విడుస్తుంది. రోలుగుంట, నర్సీపట్నం దారుల్లో డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకు కూర్చుంటే బరువు ఇరుకు కొనవైపు జరుగుతుంది. టాపు మీద మూటలు వేస్తే బరువు తూగు పైకి లేస్తుంది. చింతపల్లి ఘాట్ దిగేటప్పుడు ఈ రెండూ కలిస్తే ప్రాణాపాయమే. మలుపు మధ్యలో బ్రేకు వేస్తే ముప్పు ఇంకా ఎక్కువ. వేగం మలుపుకు ముందే తగ్గాలి.

వెనక టైర్లలో ఒకదానికి గాలి తగ్గితే దాని పక్క అంచు నేల దగ్గర ఉబ్బుతుంది, మలుపులో బండి అటే కుంగుతుంది. అందుకే రెండింటికీ గాలి సమానంగా ఉండాలి. నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్‌ను మార్చాలి. బస్తాలు బండి అడుగున, వెనక ఇరుసుకు దగ్గరగా ఉండాలి.

కాశ్మీర్‌లోని గుల్‌మర్గ్ మంచు మీద తిరిగే స్నోమొబైల్‌ది ఆటోకు తిరగేసిన అమరిక: ముందు రెండు స్కీలు, వెనక ఒకే వెడల్పాటి పట్టా. అది ఒరగకుండా స్కీల మధ్య ఎడం పెంచుతారు, ముందు స్ప్రింగులు బిగిస్తారు. రెండు వైపుల సస్పెన్షన్‌నూ కలిపే యాంటీ రోల్ బార్ ఒరుగుడును ఇంకా తగ్గిస్తుంది.