ఊఁ కొట్టని ఇంటర్వ్యూ

రోహిణీ కార్తెలో బెజవాడలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడమంటే మాటలు కాదు. కానూరు, పోరంకి హాస్టళ్లలో ఫైనలియర్ పిల్లలు ఉద్యోగాల వీడియో ఇంటర్వ్యూల కోసం ఆ సాహసమూ చేస్తున్నారు. ఫ్యాన్ రొద మైకులోకి వెళ్తుంది మరి. ఫోన్‌ని పుస్తకాల దొంతికి ఆనించి, ‘ఒరేయ్, పావుగంట ఎవరూ తలుపు కొట్టకండ్రా’ అని కేకేసి, పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరుతో సర్దుకుంటారు. తెర మీద ప్రశ్న పడుతుంది. ఆలోచనకు అర నిమిషం, జవాబుకు రెండు నిమిషాలు. ఎర్ర చుక్క వెలుగుతుంది. ఎదురుగా మనిషి ఉండడు. ఎవరి ముఖం వాళ్లకే కనిపిస్తూ ఉంటుంది.

బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. వాళ్లు తందాన అనకపోతే షేక్ నాజర్ అంతటివాడికైనా కథ నడవదు. ఈ ఇంటర్వ్యూలో వంతలు లేరు. తలూపేవాళ్లు లేరు, ‘అంటే ఏమిటి బాబూ’ అని అడిగేవాళ్లూ లేరు. మాటకారి పిల్లలు కూడా ఇక్కడ తడబడేది అందుకే.

ఈ పద్ధతి అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వచ్చింది. 2004లో మార్క్ న్యూమన్ హైర్‌వ్యూ సంస్థ పెట్టిన తొలి రోజుల్లో అభ్యర్థులకు వెబ్‌క్యామ్‌లు పోస్టులో పంపేవారు. కరోనా తర్వాత మన దగ్గరా జోరందుకుంది. బెంగళూరు నుంచి ఒక లింకు వస్తే మైలవరం, గుడ్లవల్లేరు, వడ్డేశ్వరం ఒకేసారి జవాబులు పంపుతాయి. ఇంటర్వ్యూకి వెళ్లే బస్సు ఛార్జీ మిగులుతుంది. అంతవరకు మంచిదే.

మరి ఆ వీడియో చూసేదెవరు? అవతల పెద్ద ప్యానెల్ రెప్పవాల్చకుండా చూస్తుందని పిల్లల ఊహ. చాలాచోట్ల మొదట చూసేది ఒక్క రిక్రూటరే. తెర మీద ఓ పక్క పేర్ల వరస, మధ్యలో వీడియో, ఇంకో పక్క మార్కుల గడులు. జవాబంతా అక్షరాల్లో కూడా వస్తుంది. వేగం పెంచే మీట సరేసరి. వందమంది, మనిషికి మూడు జవాబులు, జవాబుకు రెండు నిమిషాలు... మొత్తం పది గంటలు. అంతసేపు ఓపిగ్గా చూడాలంటే ఎవరి తరం? మొదటి అర నిమిషం నచ్చితే ముందుకు, లేకపోతే పక్కకు నెట్టేయాలనిపిస్తుంది. అన్యాయం జరిగేది ఎక్కువగా అక్కడే.

పద్ధతిగా చూసేవాళ్లు వీడియో తెరవకముందే కొలత రాసుకుంటారు. ‘కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడారు’ అన్నది ప్రశ్న అనుకుందాం. కస్టమర్ చెప్పింది పూర్తిగా విన్నాడా, తానేం చేశాడో చెప్పాడా, చివరికి ఏమైందో చెప్పాడా... ఒక్కోదానికి ఇన్ని మార్కులని ముందే ఖాయం చేస్తారు. అందరి మొదటి జవాబులూ చూశాకే రెండోదానికి వెళ్తారు. మొదటి జవాబు మీద మోజు రెండోదానికి అంటకుండా ఇదో జాగ్రత్త. ఇద్దరు విడివిడిగా మార్కులేస్తారు. తేడా వస్తే మళ్లీ వీడియో వేసుకుని చూస్తారు. రికార్డింగ్‌తో అసలు లాభం ఇదే. ఎదురెదురు ఇంటర్వ్యూలో మాట గాలికి పోతుంది, ఇక్కడ నిలిచి ఉంటుంది. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలత పెట్టే ఇంటర్వ్యూయే మంచి ఉద్యోగిని పసిగట్టడంలో ముందుంటుందని 2022లో పాల్ శాకెట్ బృందం పాత పరిశోధనలన్నీ తిరగేసి తేల్చింది.

మన పిల్లలు దెబ్బతినేది ఇంకోచోట. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హోమ్‌మేకర్, ఐ యామ్ ఎ క్విక్ లెర్నర్’ అన్న పాఠం కోచింగ్‌లో బట్టీ పట్టి అప్పజెబుతారు. ఇరవయ్యో వీడియోలోనూ అదే వింటే ఎవరికైనా చెవులు మూసుకుపోతాయి. పక్కన కాగితం పెట్టుకుని చదివితే కళ్లు వరస వెంట పరుగెత్తడం ఇట్టే తెలిసిపోతుంది. కైకలూరు వైపు రొయ్యల చెరువున్న ఇంటి కుర్రాడికి, తెల్లవారుజామున కరెంటు పోతే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ ఎలా వేయాలో తెలుసు. ఆలస్యమైతే ఆక్సిజన్ పడిపోయి పంట పోతుంది. ‘మీరు పరిష్కరించిన సమస్య చెప్పండి’ అంటే మాత్రం ఇది వదిలేసి టీమ్ వర్క్ గురించి ఉపన్యాసమిస్తాడు!

యంత్రానికి అప్పగిస్తే పక్షపాతం పోతుందా? హైర్‌వ్యూ కొన్నాళ్లు ముఖ కవళికలను కూడా కొలిచింది. 2019లో ఎపిక్ అనే హక్కుల సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ముఖ విశ్లేషణ మానేశామని 2021 జనవరిలో కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది జర్మనీలో బవేరియా ప్రసార సంస్థ విలేకరులు మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. కళ్లద్దాలు పెట్టుకున్నా, వెనక పుస్తకాల అర కనిపించినా మార్కులు మారిపోయాయి.

మనుషులేమీ తక్కువ తినలేదు. వెనక మొక్కలో, పుస్తకాలో ఉంటే ఆ మనిషి సమర్థుడనిపిస్తుందని 2023లో డరమ్ విశ్వవిద్యాలయ అధ్యయనం చెప్పింది. మాటలు అవే అయినా, మైకు నాసిరకంగా ఉండి గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తే ఉద్యోగానికి పనికిరాడన్న అభిప్రాయం పెరుగుతుందని 2025లో యేల్ పరిశోధకులు చూపించారు. అంటే హాస్టల్ గదిలో చవక ఇయర్‌ఫోన్ పెట్టుకున్న పిల్ల నోరు విప్పకముందే ఓ మెట్టు దిగి నిలబడినట్టే. ఏసీ సెమినార్ హాళ్లున్న కాలేజీలకు నిశ్శబ్దంగా ఉండే ఒక్క గది, ఒక మంచి మైకు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. గొంతు నాణ్యతకు మార్కులేయొద్దని రిక్రూటర్లకు చెప్పడానికైతే అసలు ఖర్చే లేదు.

చూశాక ఆ వీడియో ఏమవుతుంది? అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో 2020 జనవరి నుంచి ఒక చట్టముంది. కృత్రిమ మేధతో వీడియోను పరిశీలిస్తే ముందే చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి. తుడిచేయమని అభ్యర్థి అడిగితే 30 రోజుల్లో తుడిచేయాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఈలోగా మొదటి ప్రశ్న రాకముందే తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడి కనిపిస్తుంది. దాని కింద పేజీలకు పేజీలు. చదవకుండానే టిక్కు కొట్టేస్తారు, అసలే లింకు గడువు ఆ రాత్రికే అయిపోతుంది.