హార్స్లీ హిల్స్ విద్యార్థి విహారయాత్రలు

హార్స్లీ హిల్స్ మదనపల్లె సమీపమున గల వేసవి విడిది. దీని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దమున కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ ఇచ్చట నివాసము ఏర్పరచుకొనుటచే ఈ పేరు వచ్చినది. పాఠశాలల విహారయాత్రలకు అనువైన ప్రదేశము.

పర్యావరణ జాగ్రత్తలు

విడివిడి కార్లకు బదులు ఒకే బస్సులో వెళ్ళినచో ఘాటు రోడ్డుపై పొగ, ఇంధన వ్యయము తగ్గును. స్టీలు క్యారియర్లు, నీటి సీసాలు ఇంటినుండి తెచ్చుకొనవలెను. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధము. మిగిలిన చెత్తను సంచిలో కట్టి కొండ దిగువకు తేవలెను. కోతులకు ఆహారము పెట్టరాదు. యూకలిప్టస్ ఆకులలోని నూనె త్వరగా మండును కనుక చెట్ల క్రింద వంటకై నిప్పు రాజేయరాదు. దక్షిణ భారతదేశమునకే పరిమితమైన అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట ఇచ్చటి రాతిగుట్టల పొదలలో నివసించును. మైకులు, కేకలు లేనిచో విద్యార్థులు దాని కూత వినగలరు.