ఒకరికి పరగడుపు, ఒకరికి లీటరు నీళ్లు

మైలవరంలో పొద్దున్నే స్కానింగ్ సెంటర్ ముందు కాసేపు కూర్చుంటే చిత్రంగా ఉంటుంది. రెడ్డిగూడెం నుంచో వెల్వడం నుంచో వచ్చిన పెద్దాయన, రాత్రి నుంచి ఏమీ తినక నీరసంగా బెంచీకి ఆనుకుని ఉంటాడు. పక్కనే ఒకమ్మాయి సీసాడు నీళ్లు తాగి, "ఇంక ఆపుకోలేనమ్మా, తొందరగా పిలవమని చెప్పు" అంటూ వాళ్లమ్మను వేధిస్తుంటుంది. గది ఒకటే, మిషనూ ఒకటే. మరి ఒకరి కడుపు ఖాళీగా, ఇంకొకరి మూత్రాశయం నిండుగా ఎందుకుండాలి? రెండింటికీ జవాబు ఒక్కటే: ఈ మిషనుకు గాలి గిట్టదు.

కుండ తట్టి చూసినట్టు

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తాం. పగులుంటే మోత మారుతుంది. అల్ట్రాసౌండ్ కిటుకు కూడా దీనికి చుట్టమే. మన చెవికి వినిపించేది సెకనుకు 20 నుంచి 20 వేల కంపనాల దాకా. పొట్ట స్కానింగ్‌లో వాడే శబ్దం 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలది. డాక్టరు చేతిలోని ప్రోబ్ ఆ శబ్దాన్ని ఒంట్లోకి పంపి, వెనక్కి వచ్చే ప్రతిధ్వనిని తనే అందుకుంటుంది. స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టిన గుణమే దీనికి ఆధారం.

మెత్తటి కండలో శబ్దం సెకనుకు దాదాపు 1540 మీటర్లు పోతుంది. 10 సెంటీమీటర్ల లోతు దాకా వెళ్లి రావడానికి సెకనులో పదివేలో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి మిషను లోతు లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. నీరు నల్లగా, కాలేయం బూడిద రంగులో, ఎముక, రాయి తెల్లగా కనిపిస్తాయి. రాయి శబ్దాన్ని అవతలికి పోనివ్వదు కాబట్టి దాని వెనక నల్లని నీడ పడుతుంది. పిత్తాశయంలో రాయిని పట్టించేది ఆ నీడే.

ఈ విద్య ఆసుపత్రికి రాకముందు ఇనుములో పగుళ్లు వెతకడానికి ఉపయోగపడింది. మైలవరం నుంచి విజయవాడ వెళ్తుంటే ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ కనిపిస్తుంది కదా, అలాంటి చోట్ల వాడే బాయిలర్లను తయారుచేసే కంపెనీ ఒకటి స్కాట్లండ్‌లో ఉండేది. గ్లాస్గోలో స్త్రీల వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన కణితులను 1955లో కారులో వేసుకుని అక్కడికి పట్టుకెళ్లి, ఉక్కును పరీక్షించే మిషనుతో పరీక్షించాడు. నీటితిత్తికీ గట్టి గడ్డకూ తేడా తెలిసిపోయింది. ఆయన బృందం 1958లో లాన్సెట్ పత్రికలో అచ్చువేసిన వ్యాసంతో ఈ పరీక్ష వైద్యంలో స్థిరపడింది.

నియమాలన్నీ గాలి మీదే

కండ నుంచి గాలిలోకి దాటబోయిన శబ్దంలో నూటికి 99 వంతులకు పైగా గడప దగ్గరే వెనక్కి తిరుగుతుంది. చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా బొమ్మ రాదు. చల్లగా ఒళ్లు జలదరించేలా జెల్ పూసేది అందుకే. అది మందేమీ కాదు, తుడిస్తే పోతుంది.

పొట్ట స్కాన్‌కు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినొద్దంటారు. తింటే పేగుల్లో గ్యాస్ చేరి అడ్డం పడుతుంది. పైగా తిన్న కొవ్వును అరిగించడానికి పిత్తాశయం పసరు వదిలి ముడుచుకుంటుంది. ముడుచుకున్న సంచిలో రాయిని వెతకడం కష్టం. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పి, పొద్దున మొదటి వరసలో పేరు రాయించుకోవాలి.

గర్భాశయం, అండాశయాలు, ప్రోస్టేట్ చూడాలంటే నీళ్లు తాగాలి. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి, శబ్దానికి నీటి కిటికీ తెరుస్తుంది. గర్భం నెలలు నిండేకొద్దీ ఈ అవసరం తగ్గుతుంది, ఉమ్మనీరే ఆ పని చేస్తుంది. కొన్నిసార్లు యోని ద్వారా స్కాన్ చేయాలంటారు. అప్పుడు మూత్రాశయం ఖాళీగా ఉండాలి. దానికి మీ ఒప్పుదల తప్పనిసరి, పక్కన ఆడమనిషి ఉండాలని అడగవచ్చు.

"గాలి తీసుకోండి, బిగబట్టండి, వదలండి" అనేది వేళాకోళం కాదు. గాలి పీలిస్తే పక్కటెముకల చాటున ఉన్న కాలేయం కిందికి దిగి కనిపిస్తుంది. అంతా అయ్యేసరికి పావుగంట నుంచి అరగంట. నొప్పి ఉండదు. ఎక్స్‌రేలా రేడియేషన్ లేదు.

గర్భిణులను గుర్తింపు కార్డు అడుగుతారు, ‘ఫారం ఎఫ్’ నింపిస్తారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం పెట్టిన నియమమది. ఆడో మగో చెప్పడం నేరం, చెప్పించుకోవాలని చూడడమూ నేరమే. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు.

స్కాన్ చెప్పనిది

మైలవరం దాటి తిరువూరు దారిలో ఏ.కొండూరు మండలం వస్తుంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎందరినో తినేసింది. దీర్ఘకాలం దెబ్బతిన్న కిడ్నీ స్కాన్‌లో చిన్నదై, మామూలుకంటే తెల్లగా కనిపిస్తుంది. కానీ ఆ మార్పు వచ్చేనాటికి జబ్బు ముదిరి ఉండవచ్చు. స్కాన్ చూపేది ఆకారం, పనితనం కాదు. కిడ్నీ పనిచేస్తోందో లేదో తేల్చేది రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష. "స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఉండకూడదు. రిపోర్టు చివర ‘ఇంప్రెషన్’ అని రాసిన నాలుగు మాటలు చదివి బెంబేలు పడనూ కూడదు. ఆ కాగితాన్ని మీ బాధతో, రక్త పరీక్షలతో కలిపి చదవాల్సింది స్కాన్ రాసిచ్చిన డాక్టరు.

ఒక్క మాట మాత్రం ఆడపిల్ల తల్లిదండ్రులకు. మొదటి కాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుకుంటారు. చీర, సారె అన్నీ వస్తాయి, స్కాన్ కాగితాలు అత్తగారింటి బీరువాలో ఉండిపోతాయి. కాన్పు తేదీని సరిగ్గా పట్టిచ్చేది మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే. ఆ తర్వాత బిడ్డలు తలా ఒక తీరుగా పెరుగుతారు కాబట్టి లెక్క తప్పుతుంది. తొమ్మిదో నెలలో నొప్పులొస్తే, నెలలు నిండాయో లేదో డాక్టరుకు చెప్పేది ఆ పాత కాగితమే. పిల్లతోపాటు ఆ ఫైలునూ తెచ్చుకోండి.