ఎనిమిది వందల లోపు విమానం

మా ఊరి మీదుగా విమానం పోతుంటే చేలో పనిచేసేవాళ్ళంతా నడుం ఎత్తి చూస్తారు. నేనూ అలా చూస్తూ పెరిగినవాణ్ణే. పైలట్ కావాలంటే లక్షలు పోయాలనీ, మా నాలుగెకరాలు ఉన్నవి ఉన్నట్లు అమ్మితే తప్ప కాదనీ ఇంటర్‌లోనే తెలిసింది. అందుకే బి.ఎస్సీ.లో చేరాను. కోరిక మాత్రం చావలేదు. మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటి వసారాలోనే ఫ్లయిట్ సిమ్యులేటర్ కట్టాను.

ఇది గొప్పవాళ్ళ సొత్తేమీ కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు, తండ్రిగారి పియానో, ఆర్గన్ ఫ్యాక్టరీలో వాడే తిత్తులతోనే తన ట్రెయినర్ తయారుచేశాడు. మొదట్లో జనం దాన్ని ఆటవస్తువుగానే చూశారు. 1934లో అక్కడి సైన్యం టపా విమానాలు నడపబోయి, చెడు వాతావరణంలో పలువురు పైలట్లను పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఒక్కొక్కటి 3,500 డాలర్లకు ఆరు ట్రెయినర్లు కొన్నది.

ఇంతకీ నేను చేసిందేమిటి? ఆకాశం, విమానం, రన్‌వే అన్నీ ఫ్లయిట్‌గేర్ అనే ఉచిత ప్రోగ్రాములోనే ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంది. కావలసింది చేతికీ కాలికీ పట్టు. బోరు పైపు ముక్క కంట్రోల్ స్టిక్ అయింది. మధ్యలో మేకు కొట్టిన చెక్క, ఒక కాలు నొక్కితే రెండోది వెనక్కి వచ్చే పెడల్ అయింది. స్టిక్ వదిలితే నడిమికి రావడానికి సైకిల్ ట్యూబు పేలికలు కట్టాను.

కదలికను కంప్యూటరుకు చెప్పేది పొటెన్షియోమీటరు. రేడియోలో సౌండు పెంచడానికి తిప్పుతామే, అదే! దాని రెండు చివరల మధ్య 5 వోల్టులు ఇస్తే, తిప్పినకొద్దీ నడిమి తీగ మీద వోల్టేజి మారుతుంది. ఆర్డుయినో బోర్డు దాన్ని 0 నుంచి 1023 దాకా అంకెగా మారుస్తుంది. అయితే పొటెన్షియోమీటరు 300 డిగ్రీలు తిరిగితే, నా స్టిక్ 60 డిగ్రీలే కదులుతుంది. అంటే నాకు దక్కేది సుమారు 200 మెట్లే. ఆ కొసా ఈ కొసా అంకెలు కొలిచి ప్రోగ్రాములో రాస్తే సరిపోయింది. అంకెలు వణుకుతుంటే పదేసి రీడింగుల సగటు తీశాను. నాలుగు పొటెన్షియోమీటర్లు 120, బోర్డు 550, తీగలూ సీసమూ 100. వెరసి 770 రూపాయలు.

"ఆ డబ్బుతో స్ప్రేయరు బాగుచేయించుకునేవాళ్ళం గదరా!" అన్నాడు నాన్న. నా దగ్గర జవాబు లేదు. అయినా సాయంత్రం ఆయనే వచ్చి కూర్చున్నాడు. విమానం పడిపోతుంటే, ఎద్దు పగ్గం లాగినట్లు స్టిక్ తనవైపు లాగాడు. ఇంకా వేగంగా పడింది! రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారే గాలి విడిపోతుంది. ఎత్తే బలం తగ్గిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు ముక్కు పైకెత్తడం కాదు, దించాలి. మూడోసారికి నాన్న దించాడు. విమానం నిలిచింది.

"పడేటప్పుడు దించాలా! ఇది ఎవరికి తోస్తుందిరా?" అన్నాడు.

తోచదు గనకనే నేల మీద నేర్చుకోవాలి. నా కుర్చీ ఒరగదు, గాలి కుదుపూ ఉండదు. దీంతో పైలట్లం కాలేము. కాని పుస్తకంలో రెండేళ్ళు చదివిన వోల్టేజి విభజన నాకు నిజంగా అర్థమైంది ఆ వసారాలోనే. సాధనం ఇప్పుడు హాస్టలు గదిలో ఉంది. ఎవరైనా వచ్చి నడపవచ్చు. స్ప్రేయరు మాత్రం సంక్రాంతి సెలవుల్లో నేనే విప్పి చూస్తానని నాన్నకు మాటిచ్చాను.